సెప్టెంబర్‌లో దంచినవాడే అక్టోబర్‌లో రాజా?

సెప్టెంబర్ మూడో వారం దాటిందంటే చాలు, డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగు వాట్సాప్ గ్రూపులన్నింటిలో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ప్లేఆఫ్స్ (అక్టోబర్‌లో కప్పు తేల్చే నాకౌట్ రౌండ్లు) గురించి అదే మెసేజ్ తిరుగుతుంది. పైన "ప్లేఆఫ్స్ ఎవరివో తేల్చే ఎనిమిది సూత్రాలు", కింద నాలుగు నిప్పు బొమ్మలు. ఏటా జట్ల పేర్లు మారతాయి, సూత్రాలు మాత్రం కదలవు. "అన్నా, ఇది చూశావా" అంటూ పంపేవాళ్లలో సగం మంది రోజూ ఆట చూసేవాళ్లే కావడం ఇంకా బాధ. సరే, ఎనిమిదీ చూద్దాం. వాళ్ల వరుసలో కాదు. దేనికి ఎంత మర్యాద దక్కాలో అంతే దక్కుతుంది.

"ఫలానా జట్టుకు శాపం ఉంది." శాపం ఉందన్న బోస్టన్ 2004లో, చికాగో కబ్స్ 2016లో కప్పు కొట్టారు. తర్వాతది.

"సెప్టెంబర్‌లో ఇంకో మంచి పిచర్‌ని తెచ్చుకుంటే చాలు, తిరుగుండదు." ఆగస్టు 31 అర్ధరాత్రికి ఆ సంస్థలో లేని ఆటగాడు అక్టోబర్‌లో ఆడడానికి వీల్లేదు. సెప్టెంబర్‌లో తెచ్చుకున్న పిచర్, అంటే బంతి విసిరేవాడు, ప్లేఆఫ్స్‌ను జట్టు కూర్చునే డగౌట్‌లోంచి కాదు, ఇంట్లో టీవీలో చూస్తాడు.

ఇక అసలు రత్నం. "ఇద్దరి గెలుపులూ సమానమైతే రన్ డిఫరెన్షియల్ ఎక్కువున్న జట్టు లోపలికి వెళ్తుంది. కాబట్టి ఇప్పటి నుంచీ భారీ తేడాతో గెలవడం ముఖ్యం." ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. పదిహేనేళ్లు ఐపీఎల్ పట్టికలో ఆఖరి గడి చూసిన కళ్లు ఏ పట్టికలోనైనా నెట్ రన్ రేట్‌నే వెతుకుతాయి. బేస్‌బాల్ పట్టికలోనూ అలాంటి గడి ఉంటుంది, చేసిన పరుగులకీ ఇచ్చిన పరుగులకీ తేడా, కాదనను. కానీ స్థానం తేల్చడంలో దాని విలువ సున్నా. మొదటి మెట్టులోనే కాదు, ఆఖరి మెట్టులోనూ సున్నాయే.

ముప్పై జట్లు రెండు లీగుల్లో, ఒక్కో లీగ్ మూడు డివిజన్లుగా ఉంటాయి. సమానమైతే తేల్చే వరుస ఇదీ. మొదట ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన ఆటల లెక్క. అదీ సమానమైతే సొంత డివిజన్ జట్ల మీద గెలుపు శాతం. ఆ తర్వాత అదే లీగ్‌లోని మిగతా డివిజన్ల మీద శాతం. అప్పటికీ తేలకపోతే లీగ్‌లోపలి ఆటల్లో చివరి సగం. అప్పటికీ తేలకపోతే ఆ సగానికి వెనక నుంచి ఒక్కో ఆట కలుపుకుంటూ పోతారు. పరుగుల మాట ఎక్కడా లేదు. ఒకే డివిజన్ జట్లు ఏడాదికి 13 సార్లు తలపడతాయి. అది బేసి సంఖ్య కాబట్టి వాళ్ల పంచాయితీ మామూలుగా మొదటి మెట్టు దగ్గరే తెగిపోతుంది. వేరే డివిజన్ జట్టుతో అయితే ఆరో ఏడో ఆటలే. అక్కడ 3-3 వచ్చే వీలుంది కాబట్టి రెండో మెట్టు లెక్క కూడా చేతిలో ఉండాలి.

ఉదాహరణలు కావాలా? 2023లో హ్యూస్టన్, టెక్సస్ రెండూ 90-72, అంటే 90 గెలుపులు, 72 ఓటములు. టెక్సస్ రన్ డిఫరెన్షియల్ +165, హ్యూస్టన్‌ది +129. మెసేజ్ ప్రకారం డివిజన్ టెక్సస్‌ది. వచ్చింది హ్యూస్టన్‌కి, ముఖాముఖిలో 9-4తో. 2024లో న్యూయార్క్ మెట్స్, అట్లాంటా బ్రేవ్స్, అరిజోనా ముగ్గురూ 89-73. అరిజోనా ఆ ఏడాది 886 పరుగులు చేసింది, ముప్పై జట్లలోనూ అదే ఎక్కువ. ఇంట్లో కూర్చున్నది కూడా అరిజోనాయే, ఎందుకంటే మిగతా ఇద్దరితోనూ ముఖాముఖి ఓడింది. హెలీన్ తుపాను వల్ల వాయిదా పడ్డ రెండు ఆటల్ని సీజన్ ముగిసిన మర్నాడు, సెప్టెంబర్ 30న అట్లాంటాలో ఒకే రోజు ఆడించారు. మెట్స్ ఒకటి, బ్రేవ్స్ ఒకటి గెలిచి ఇద్దరూ లోపలికి వెళ్లిపోయారు. 886 పరుగులు చూస్తూ ఉండిపోయాయి. 2025లో సిన్సినాటి, మెట్స్ ఇద్దరూ 83-79. సిన్సినాటి 4-2తో లోపలికి, మెట్స్ ఇంటికి.

పరుగుల తేడాను ఎందుకు పట్టించుకోరో కూడా చెప్పేస్తా. ఆధిక్యంలో ఉన్న ఆతిథ్య జట్టు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాటే పట్టదు. ఆఖర్లో బ్యాట్ పట్టి గెలిచే వాక్-ఆఫ్ అయితే మామూలుగా గెలుపు పరుగు రాగానే ఆట బంద్. ఎనిమిది పరుగులు వెనకబడ్డాక పిచరే కాని షార్ట్‌స్టాప్‌కో రెండో క్యాచర్‌కో బంతిచ్చి పిచింగ్ చేయించుకోవచ్చు. అలాంటి రాత్రి వచ్చిన ఆరు పరుగుల్ని లెక్కలో వేసుకుంటే అది జట్టు బలం కాదు, అవతలి మేనేజర్ బుల్‌పెన్‌ని, అంటే ఆట మధ్యలో దింపే పిచర్లని, దాచుకున్న తెలివి. రన్ డిఫరెన్షియల్‌కి ఒక వాడకం ఉంది, అది జట్టు అసలు స్థాయిని అంచనా వేయడం. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన వర్గం, ఇచ్చిన వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే రావలసిన గెలుపు శాతం దాదాపుగా వస్తుంది. కానీ అంచనాకి సీటు ఇవ్వరు. 2023లో శాన్ డియేగో +104తో 82 గెలుపుల దగ్గర ఆగిపోయింది. అరిజోనా −15తో 84 గెలిచి ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. "భారీ తేడాతో గెలవడం ముఖ్యం" అన్న సోదరుడు ఆ రెండు జట్ల అభిమానులకీ ఫోన్ చేసి వివరించాలి.

"నాలుగు ఆటల వెనక ఉండి పన్నెండే మిగిలితే కథ ముగిసినట్టే." ఇది తప్పని కాదు, సగం వాక్యం. ముందున్న జట్టు 88-62, వెనకున్నది 84-66 అనుకోండి. మ్యాజిక్ నంబర్ (ముందువాడి గెలుపులు, వెనకవాడి ఓటములు కలిపి ఇంకెన్ని వస్తే స్థానం ఖాయమో ఆ అంకె) సీజన్ 162 ఆటలకి ఒకటి కలిపిన 163 లోంచి ముందువాడి గెలుపులు, వెనకవాడి ఓటములు తీసేస్తే వస్తుంది: 163−88−66, అంటే 9. అందరూ ఇక్కడే ఆగుతారు. 163వ ఆట పెట్టి సమానాన్ని తేల్చే పద్ధతి 2022 నుంచి లేదు. కాబట్టి ముఖాముఖి ముందువాడి చేతిలో ఉంటే అతనికి సమానమైనా చాలు, లెక్క 162 నుంచి మొదలవుతుంది, నంబర్ 8. వెనకవాడి చేతిలో ఉంటే 9. ఆ ఒక్క అంకె కోసమే సెప్టెంబర్‌లో ముఖాముఖి లెక్క చూసేది. ముందువాడు 6-6 ఆడితే, ముఖాముఖి తన చేతిలో ఉన్నా వెనకవాడికి 10-2 కావాలి, లేకపోతే 11-1. కష్టమే. అదే ఆ పన్నెండులో మూడు ఆటలు వాళ్లిద్దరి మధ్యే ఉంటే, వెనకవాడు గెలిచిన ఒక్కో ఆటకీ పూర్తి ఒక ఆట తేడా తగ్గుతుంది.

2022 సీజన్ ఆఖరి వారం చూడండి. మెట్స్ ఒక్క ఆట ముందుండి, ముఖాముఖిలో 9-7తో అట్లాంటా వచ్చింది. బ్రేవ్స్ మూడుకి మూడు లాగేసి పట్టికలోనూ, ముఖాముఖిలోనూ ముందుకొచ్చింది. చివరికి ఇద్దరూ 101-61. డివిజన్, దానితో తొలి రౌండ్ ఆడకుండా దాటేసే బై బ్రేవ్స్‌కి. మెట్స్ ఆ తొలి రౌండ్‌కి, అంటే వైల్డ్ కార్డ్‌కి వెళ్లి శాన్ డియేగో చేతిలో ఓడింది. 2007లో ఇదే మెట్స్ 17 మిగిలుండగా ఏడు ఆటలు ముందుండి డివిజన్ పోగొట్టుకుంది. ఎందుకో ఎప్పుడూ మెట్సే.

"చివరి నెలలో దూసుకొచ్చినవాడిదే వరల్డ్ సిరీస్." మెసేజ్‌కి ప్రాణం ఇదే. కింద 2019 వాషింగ్టన్, 2011 సెయింట్ లూయిస్ పేర్లు పెట్టారు. నిజమే, ఇద్దరూ గెలిచారు. మరి 2007 కొలరాడో? చివర్లో మొదలుపెట్టి లీగ్ ఫైనల్ ముగిసేదాకా 22లో 21 గెలిచింది. వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ చేతిలో 0-4. 2017 క్లీవ్‌లాండ్ వరసగా 22 గెలిచి, మొదటి సిరీస్‌లో 2-0 ఆధిక్యం కూడా పోగొట్టుకుని న్యూయార్క్ యాంకీస్‌కి దండం పెట్టింది. 2000 యాంకీస్ చివరి 18లో 15 ఓడి కప్పు ఎత్తుకుపోయింది.

అన్నింటికన్నా ముద్దొచ్చేది 2025. డెట్రాయిట్ జులైలో క్లీవ్‌లాండ్ కన్నా 15.5 ఆటలు ముందుంది. క్లీవ్‌లాండ్ అంతా తిరగరాసి డివిజన్ లాక్కుంది. సెప్టెంబర్‌లో దూసుకొచ్చినవాడు ఒకడు, కుప్పకూలినవాడు ఒకడు, ఇద్దరూ వైల్డ్ కార్డ్‌లో ఎదురెదురు, అదీ క్లీవ్‌లాండ్ సొంత మైదానంలో. ఇంతకన్నా శుభ్రమైన పరీక్ష ఎవరూ పెట్టలేరు. డెట్రాయిట్ 2-1తో గెలిచింది.

కారణం పెద్ద రహస్యం కాదు. సెప్టెంబర్‌లో జట్టు 28 మందితో ఆడుతుంది, ప్లేఆఫ్స్‌లో 26. పోటీలోంచి పోయిన జట్లు కుర్రాళ్లకు అవకాశాలిస్తాయి, స్థానం ఖాయమైన జట్లు పెద్దవాళ్లకు విశ్రాంతినిస్తాయి. నాలుగో, ఐదో స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) మీద కొట్టిన గెలుపులే సెప్టెంబర్ లెక్కలో ఎన్నో. అక్టోబర్‌లో ఆ ఐదోవాడు కనపడడు, నాలుగోవాడు అరుదు.

"ఒక్క ఏస్ పిచర్ ఉంటే చాలు." చాలదు, జట్టులో అందరికన్నా మేటి పిచరే అయినా ముందు అతను ఏ రోజు దొరుకుతాడో చూడాలి. సీజన్ ఆదివారం ముగుస్తుంది, వైల్డ్ కార్డ్ మంగళవారం మొదలై మూడు రోజులు వరసగా, విరామం లేకుండా నడుస్తుంది. గురువారం వేసిన స్టార్టర్ నాలుగు రోజుల విశ్రాంతితో మంగళవారానికి సిద్ధం. శుక్రవారం వేసినవాడు బుధవారానికి. ఆదివారం బెర్తు కోసం ఏస్‌ని దింపారా, మామూలు విశ్రాంతితో అతను మళ్లీ వచ్చేది శుక్రవారం. అప్పటికి సిరీసే ఉండదు. పెళ్లికని దాచిన నెయ్యంతా ముందురోజు టిఫిన్లకే పోసేసినట్టు. అందుకే ఆఖరి వారంలో పట్టిక కన్నా ముందు రెండు జట్ల స్టార్టర్ల వరుస చూడాలి. అన్నీ సరిగ్గా కుదిరినా గ్యారంటీ లేదు. 2025లో డెట్రాయిట్ ఏస్ తారిక్ స్కూబల్ సియాటిల్ మీద రెండుసార్లు అద్భుతంగా వేశాడు. ఆ రెండు ఆటలూ డెట్రాయిట్ ఓడింది, రెండోది పదిహేను ఇన్నింగ్స్‌లో. స్కూబల్ ఆరింటికే వెళ్లిపోయాడు, మిగతా తొమ్మిది ఎవరో వెయ్యాలిగా.

"డబ్బున్న జట్టుదే కప్పు." 2023 మెట్స్ రికార్డు జీతాలిచ్చి 75-87. 765 మిలియన్ డాలర్ల ఒప్పందంతో బ్యాటర్ హువాన్ సోటో మెట్స్‌కి వచ్చిన 2025లో ఏమైందో పైన చెప్పాను. అయితే 2024, 2025 రెండేళ్లూ కప్పు డబ్బున్న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌దే. డబ్బు 162 ఆటలకి భరోసా ఇవ్వదు గానీ, అక్టోబర్‌లో స్నెల్, యమమోటో, గ్లాస్నో, ఒటానీ లాంటి నలుగురు స్టార్టర్లని వరసగా దింపే సుఖం మాత్రం డబ్బుతోనే వస్తుంది. ఈ సూత్రానికి సగం మార్కులు.

"బై దొరికితే తుప్పు పడుతుంది, లాభం లేదు." దీన్ని కొట్టిపారేద్దామని లెక్కేస్తే అంత తేలిగ్గా పోలేదు. ఈ పద్ధతి వచ్చిన 2022 నుంచి 2025 దాకా బై వచ్చిన జట్లు ఆడిన తొలి సిరీస్‌లు పదహారు. గెలిచినవి తొమ్మిది, ఓడినవి ఏడు. 2022లో 111 గెలుపుల డాడ్జర్స్, 2023లో 104 గెలుపుల బ్రేవ్స్, 100 గెలుపుల డాడ్జర్స్, 101 గెలుపుల బాల్టిమోర్, అందరూ అక్కడే పోయారు. లీగ్‌లో మొదటి రెండు స్థానాల జట్లకి 9-7 గొప్ప లెక్కేమీ కాదు. ఈ ఒక్క చోట మెసేజ్ రాసినాయన మాటలో పస ఉంది. తుప్పు కారణమో కాదో పదహారు సిరీస్‌లతో తేలదు గానీ, బై వచ్చిందని అభిమానులు పండగ చేసుకునేంత ఏమీ లేదక్కడ. "లాభం లేదు" అన్న మాట మాత్రం ఒప్పుకోను. తుప్పు పట్టినవాడు కూడా ఒక రౌండ్ ఓడిపోయే ప్రమాదం తప్పించుకున్నాడు. అది ఎంతో కింద లెక్కలో వస్తుంది.

ఇక మెసేజ్ ఆఖరి వాక్యం, నిప్పు బొమ్మలన్నీ దేనికోసమో అది. "ఈ ఎనిమిది సూత్రాలూ సరిపోయిన జట్టు మీద ఇప్పుడే పందెం వెయ్యండి, +250కి దొరుకుతోంది, గ్యారంటీ." +250 అంటే వంద పెట్టి గెలిస్తే 250 లాభం. మిగతావి పొరపాట్లు, ఇది పాపం. ఎవరో కుర్రాడు మొదటి ఉద్యోగం జీతంతో దీన్ని నమ్ముతాడు.

ప్రత్యర్థి ఎవరైనా ప్రతి ఆటలోనూ 55 శాతం గెలిచే జట్టు ఉందనుకుందాం. ప్లేఆఫ్ జట్ల మీద అది చాలా పెద్ద మాట. మూడు ఆటల సిరీస్‌లో దాని అవకాశం 57 శాతం. ఐదింట 59, ఏడింట 61. నాలుగు రౌండ్లూ (ఏడు ఆటలవి రెండు) గుణిస్తే కప్పు కొట్టే అవకాశం 13 శాతం లోపు. బై ఉంటే 22. ఒక రౌండ్ తప్పించుకోవడం విలువ అదీ. ఈ లెక్కన పెట్టిన డబ్బుకు నష్టం లేకుండా ఉండాలంటే బై ఉన్న జట్టుకు ధర దాదాపు +360 ఉండాలి, లేనిదానికి +700. +250 అంటే అవకాశం 28.6 శాతం ఉండాలి. అది రావాలంటే, బై ఉన్నా సరే, ఆ జట్టు ప్రతి ఆటలోనూ దాదాపు 58 శాతం గెలవాలి. అంటే సీజన్‌లో 94 గెలుపుల వేగం, అదీ ఆఖరి స్థానంలో ఉన్న జట్ల మీద కాదు, ప్లేఆఫ్ జట్ల మొదటి ముగ్గురు స్టార్టర్ల మీద.