వొల్లో మృతులకు రస్తఫారీ భక్తిలో చోటెక్కడ?

1966 ఏప్రిల్ 21న కింగ్‌స్టన్ విమానాశ్రయంలో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ విమానం దిగలేకపోయారు. సుమారు లక్ష మంది జమైకన్లు ఆవరణలోకి తోసుకొచ్చి విమానాన్ని చుట్టుముట్టారు. తలుపు దాకా వచ్చిన చక్రవర్తి జనాన్ని చూసి లోపలికి వెళ్లిపోయారు. చివరికి సెలాసీని దేవుడిగా కొలిచే జమైకా మతం రస్తఫారీకి చెందిన మార్టిమర్ ప్లానో అనే పెద్ద మెట్లెక్కి వెళ్లి, జనాన్ని శాంతింపజేసి దారి చేయించారు. అంతకు మూడేళ్ల కిందటే, జమైకాలో రస్తఫారీలకూ పోలీసులకూ మధ్య జరిగిన కోరల్ గార్డెన్స్ ఘర్షణ తర్వాత, పోలీసులు రస్తఫారీలను వేటాడి, కొట్టి, జడలు కత్తిరించారు. అలాంటి వాళ్లకు ఆ పర్యటనలో ప్రభుత్వ విందులకు పిలుపొచ్చింది. నల్లజాతి రాజును దేవుడిగా కొలిచి తల ఎత్తుకున్న ఆ పేదల నమ్మకాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం అన్యాయం.

అయితే అదే చక్రవర్తి ఏలుబడిలో, ఉత్తర ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో వచ్చిన 1973 నాటి కరవులో, తక్కువలో తక్కువ 40 వేల మంది ఆకలితో చనిపోయారని అంచనా. ప్రభుత్వం ఆ సంగతిని బయటికి పొక్కనివ్వకుండా తొక్కిపెట్టింది. 1974 సెప్టెంబర్ 11 రాత్రి సైనికాధికారుల బృందం ‘దెర్గ్’ టీవీలో ఎముకల గూళ్లయిన పిల్లల పక్కనే రాజభవనంలోని విందులను చూపించింది. మర్నాడే ఆయన్ని గద్దె దించింది. ఆ తర్వాత దెర్గ్ పారించిన నెత్తురూ తక్కువేమీ కాదు. ఆ ప్రసారం రాజకీయ ప్రచారమే. అయినా వొల్లోలో పోయిన ప్రాణాలు కట్టుకథ కావు.

మంత్రులే దాచిపెట్టారు, రాజుకేం తెలుసు అంటారు కొందరు భక్తులు. ఈ సాకు నాకు మింగుడుపడదు. పదవులిచ్చేదీ ఊడబెరికేదీ తానే అయిన ఏలికకు ఇష్టంలేని కబురు చేరవేసే ధైర్యం ఎవరికుంటుంది? ఆ భయం ఆయన పాలన పెంచి పోషించిందే.

రస్తఫారీలు ప్రవక్తగా తలచే జమైకా నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ 1937లోనే, ఇటలీ దాడి వేళ దేశం విడిచి వెళ్లిన సెలాసీని పిరికివాడని తిట్టారు. ఇథియోపియాలో ఇంకా బానిసత్వం ఉందని నిలదీశారు. అక్కడ దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1942లో. గార్వీని ప్రవక్తగా నిలుపుకొన్న మతానికి ఆయన నిలదీత పరాయిదెలా అవుతుంది?

సెలాసీ చివరిదాకా ఇథియోపియన్ ఆర్థడాక్స్ క్రైస్తవుడే. తానూ మరణించే మనిషినేనని స్వయంగా చెప్పారు. పేదను తొక్కే ప్రతి అధికారాన్నీ రస్తఫారీలు ‘బాబిలోన్’ అంటారు. ఆ కొలత లండన్‌కూ కింగ్‌స్టన్‌కూ వర్తిస్తే సెలాసీ రాజధాని అడిస్ అబాబాకూ వర్తించాలి. ఎండిన చేలు వదిలి రోడ్డున పడ్డ వొల్లో కౌలు రైతులు ఈ మతం ఎవరి కోసం పుట్టిందో ఆ కోవకు చెందినవాళ్లే. వాళ్లను లెక్కలోకి తీసుకోవడం దైవద్రోహమని నేననుకోను.

ఏటా నవంబర్ 2న, 1930 నాటి పట్టాభిషేకాన్ని తలచుకుంటూ రస్తఫారీల ‘నయాబింగి’ ఆరాధనల్లో డప్పులు మోగుతాయి. ఆ రోజు వొల్లో మృతుల కోసం కూడా ఒక ప్రార్థన చేయాలని రస్తఫారీ పెద్దలను కోరుతున్నాను.