పైపులో ఇరుక్కున్న పేజీ

సొంతంగా వెబ్ సర్వర్ రాసుకునేవాళ్ల ఉసురు, ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకో ప్రోగ్రామ్‌కు చేరవేసే ఈ పైపులకు తగలకపోదు. పైథాన్ స్క్రిప్టును టెర్మినల్‌లో నడిపితే ప్రతి లైనూ టకటకా వస్తుంది. అదే స్క్రిప్టును సర్వర్ పైపు పెట్టి నడిపితే ఉలుకూ పలుకూ ఉండదు. ఎదురుగా టెర్మినల్ లేదని తెలియగానే పైథాన్ దొరగారు అవుట్‌పుట్‌ను బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) దాచుకుంటారట! సరే, బఫర్ వద్దని పైథాన్‌కు చెప్పే ‘మైనస్ యు’ (-u) పెట్టి ఆ బెడద వదిలించుకున్నాం. చిన్న పేజీలు వచ్చాయి, పెద్ద పేజీ మళ్లీ బిగుసుకుపోయింది. ఎందుకయ్యా అంటే, లినక్స్‌లో పైపు మామూలుగా పట్టేది 65,536 బైట్లే. అది నిండాక స్క్రిప్టు రాయలేక ఆగిపోతుంది. స్క్రిప్టు ముగిస్తేగానీ చదవనని సర్వర్ వెయిట్‌పిడ్‌లో, అంటే స్క్రిప్టు ముగిసేదాకా ఆగే కాల్‌లో, కూర్చుంటుంది. ఒక్క ఎర్రర్ లేదు, లాగ్‌లో ముక్క లేదు. పోనీ ముందే చదువుదామంటే, పేరెంట్‌లో, అంటే స్క్రిప్టును పుట్టించిన సర్వర్‌లో, పైపు రాసే కొసను మూయకపోతే ఈఓఎఫ్ (ఇక డేటా లేదనే సూచన) రాదు. కనీసం క్రాష్ అయినా అయి చావొచ్చుగా!