బ్రెన్నెన్‌బర్గ్ కోటలో చమురు కరువు

చీకట్లో నిలబడితే మతి చలిస్తుందని స్వీడన్‌కు చెందిన కంప్యూటరు ఆటల సంస్థ ఫ్రిక్షనల్ గేమ్స్ వారు 2010లో కనిపెట్టారు. ఆ లెక్కన 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లాక ఒడిశాలోని మన పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మతి చలించి ఉండాలి. అలాంటి దాఖలా ఏదీ లేదు. జనం బుడ్డిదీపం పెట్టుకుని, గంజి తాగి, కరెంటు వాళ్లను రెండు భాషల్లోనూ తిట్టుకుని పడుకున్నారు. కనుక వాళ్లు తెచ్చిన 'ఆమ్నీషియా: ది డార్క్ డిసెంట్' అనే భయపెట్టే కంప్యూటరు ఆటను తూకం వేసే అర్హత గజపతి జిల్లా తెలుగువాళ్లకున్నంతగా మరొకరికి లేదని ముందుగా మనవి.

కథకు వంక పెట్టలేం. 1839 ఆగస్టు, నాటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో బ్రెన్నెన్‌బర్గ్ అనే కోట. డేనియల్ అనే లండన్ కుర్రాడు నేల మీంచి లేస్తాడు, పేరూ ఊరూ తప్ప ఏమీ గుర్తుండదు. కాసేపటికి తన దస్తూరీతోనే తనకు రాసుకున్న ఉత్తరం దొరుకుతుంది. మతిమరుపు మందు తానే కావాలని తాగాడట, లోపలికి పోయి కోట దొర అలెగ్జాండర్‌ని చంపాలట. ఎందుకు తాగాడన్నది చిత్తుకాగితాల్లో విడతలుగా తెలుస్తుంది. సగం కోట దాటేసరికి రాక్షసుల మీది భయం కాస్తా డేనియల్ మీదికి మళ్లుతుంది. ఆట బలమంతా ఆ మళ్లింపులోనే ఉంది.

క్షుద్రవిద్య విషయంలోనూ మెచ్చుకోవాలి. మన వైపు చిల్లంగి అనగానే అనుమానం ఊరి చివర ఒంటరి ముసలమ్మ మీద పడుతుంది. ఇక్కడ ఆ పని చేసేది కోటలో కూర్చున్న దొర అలెగ్జాండరే. మనుషుల్ని చిత్రవధ చేసి వాళ్లలోంచి 'వీటే' అనే సారం పిండుతాడు. క్షుద్రవిద్యల మీద పుస్తకాలు రాసిన, చరిత్రలో నిజంగా ఉన్న జర్మన్ పండితుడు కార్నీలియస్ అగ్రిప్ప (1486-1535) కూడా అదే కోటలో బందీ. చచ్చి మూడొందల ఏళ్లయినా వదల్లేదు పాపం.

ఇక చమురు. అసలు తగువంతా ఇక్కడే. కొవ్వొత్తి వెలిగించాలన్నా, గోడదీపం వెలిగించాలన్నా ఒక్కో దానికి ఒక చెకుముకి పెట్టె ఖర్చు. పక్కనే ఇంకో కొవ్వొత్తి భేషుగ్గా వెలుగుతున్నా సరే! ఒక దీపంతో పది దీపాలు అంటించొచ్చని మన దీపావళి ప్రమిదకు తెలుసు, డేనియల్‌కు తెలీదు. లాంతరుకు వత్తి తగ్గించే మర కూడా లేదు. వెలిగితే నిండుగా వెలిగి చమురు తాగేస్తుంది, లేదంటే చీకటి. కాబట్టి కనబడ్డ ప్రతి సొరుగూ లాగాలి. నడవాల్లో లాంతరు ఆర్పి గోడవారగా నడవాలి, కాసేపటికి డేనియల్ కళ్లు చీకటికి అలవాటు పడతాయి. చీకట్లో ఉన్నకొద్దీ డేనియల్ మతి తగ్గిపోతోందని బెంబేలు పడి చమురు తగలెయ్యనక్కర్లేదు. తర్వాతి చిక్కుముడి విప్పగానే పోయిన మతి వెనక్కొస్తుంది. మామూలు ఆటలో మతి పూర్తిగా పోయినా కూలబడి లేస్తాడు తప్ప చావడు. 2018లో చేర్చిన కఠిన పద్ధతిలో మాత్రం చస్తాడు. పైగా అందులో ఆటను ఒకసారి భద్రపరచుకోవడానికి నాలుగు చెకుముకి పెట్టెలు సమర్పించాలి. వడ్డీ వ్యాపారులు కూడా ఇంత అడగరు.

ఆయుధం ఒక్కటీ ఇవ్వరు. రాక్షసుడు వస్తే చీకటి మూలకు పోయి, ముఖం గోడకు తిప్పుకుని కూర్చోవాలి, చూస్తే మతి తగ్గుతుంది. అప్పులవాడు వీధిలోకి వచ్చినప్పుడు పాటించే పద్ధతే. తలుపుల పనితనం మాత్రం అద్భుతం. మౌస్ నొక్కిపట్టి నిజంగానే లాగాలి, తొయ్యాలి. వెనక తరుముకొస్తుంటే లాగాల్సిన తలుపును తోస్తూ నిలబడిపోతాం. నీళ్లు నిలిచిన నేలమాళిగలో రాక్షసుడు అసలు కనబడడు, నీళ్లు చిందడమే ఆనవాలు. పెట్టెల మీంచి పెట్టెల మీదికి దూకాలి. దూరం చాలకపోతే అక్కడ పడి ఉన్న మాంసం ముక్క విసిరి, వాడు తింటుండగా పరుగెత్తాలి.

లోపం ఏమిటంటే రాక్షసులకు ఉద్యోగధర్మం తక్కువ. కాసేపు తిరిగి మాయమైపోతారు. మనం చచ్చి లేస్తే ఒక్కోసారి వాళ్ల చోటు మారుతుంది, ఒక్కోసారి రాక్షసుడే ఉండడు. ఒకే చోట పదిసార్లు చస్తే భయం పోయి విసుగొస్తుందని తయారీదారుల లెక్క. లెక్క సబబే, కానీ ఆ కిటుకు తెలిసినవాడు ఎదురెళ్లి ఒకసారి చచ్చి, తాపీగా నడిచిపోతాడు.

రెండు జీబీ ర్యామున్న పాత కంప్యూటరు చాలు. మొదట్లో గామా, అంటే తెర వెలుగు, సరిచెయ్యమంటుంది, ఎక్కువ పెంచితే కోట కాస్తా పెళ్లిపందిరిలా వెలుగుతుంది. హెడ్‌ఫోన్లు తప్పనిసరి. ల్యాప్‌టాప్ మీద రాత్రిపూట ఆడేవాళ్లకు ఒక సూచన: ఉన్నట్టుండి అంతా నల్లబడితే లాంతరులో చమురు అయిపోయిందో, ఇంట్లో కరెంటే పోయిందో తేల్చుకోవడానికి ఒకసారి తలెత్తి ఫ్యాను చూడండి.