ఒక్క ఇంజెక్షన్‌తో ఒళ్లంతా కనబడిపోదు

పర్లాకిమిడి, బరంపురం తెలుగు గ్రూపుల్లో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఇంజెక్షన్ కొత్తగా వచ్చింది, ఒంట్లో క్యాన్సర్ ఎక్కడున్నా వెలుగుతుంది, ఫోన్ కెమెరాతో చూసుకోవచ్చు, రేడియేషన్ లేదు కాబట్టి ప్రమాదం లేదు, ఇక సీటీ స్కాన్ దండగ." మా పెద్దమ్మకి కడుపు సీటీ రాశారు, బండి కూడా మాట్లాడాం, ఇది చదివి "ఆ ఇంజెక్షనే వేయించండిరా" అని కూర్చుంది. అందుకే రాస్తున్నాను.

కొత్తగా రాలేదు. నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటే ఎరుపుకి అవతల ఉండే, కంటికి కనబడని కాంతి. అందులో వెలిగే ఇండోసయనైన్ గ్రీన్ అనే రంగుమందుకి అమెరికాలో 1959లోనే అనుమతి వచ్చింది. కంటి వెనక రక్తనాళాలు చూడ్డానికి, ఆపరేషన్‌లో పేగుకి రక్తం అందుతోందో లేదో చూడ్డానికి వాడతారు.

ఎక్కడున్నా కనబడుతుందా? చీకట్లో ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూడండి. వేలు ఎర్రగా వెలుగుతుంది, ఎందుకంటే నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తం మింగేస్తుంది, ఎరుపు దాటుతుంది. కానీ లోపలి ఎముక కనబడిందా? లేదు, కాంతి మాంసంలో చెల్లాచెదురైపోతుంది. ఎరుపుకి అవతల 700 నుంచి 900 నానోమీటర్ల తరంగం పొడవున్న కాంతి ఇంకాస్త లోపలికి వెళ్తుంది గానీ ఈ మందు వెలుగు స్పష్టంగా కనబడేది దాదాపు సెంటీమీటరు లోతు వరకే. 1000 దాటితే చెదరడం తగ్గుతుంది, అందుకే 1060 దగ్గర వెలిగే నియోడిమియం, 1550 దగ్గర వెలిగే ఎర్బియం అనే లోహాలు కలిపిన నలుసుల మీద పరిశోధన జరుగుతోంది. చిక్కేమిటంటే, తరంగం పొడవు పెరిగేకొద్దీ శక్తి వెలుగు కాకుండా వేడిగా పోవడం ఎక్కువవుతుంది, అక్కడ బాగా వెలిగే పదార్థం తయారుచేయడం నిజంగా కష్టం. ఈ పనిలో ఎక్కువ భాగం ఇంకా ఎలుకల మీదే.

క్యాన్సర్‌ని వెతికి పట్టుకునే రంగుమందూ ఉంది, పాఫోలాసియానైన్, అండాశయ క్యాన్సర్‌కి 2021లో అమెరికాలో అనుమతించారు. అది కడుపు తెరిచాక గడ్డ ఎక్కడైనా మిగిలిందేమో సర్జన్ చూసుకోవడానికి. అసలు ఎక్కడ కోయాలో ముందు స్కానే చెప్పాలి కదా!

ఫోన్ కెమెరా మాట వదిలేయండి, ఈ కాంతిని చాలావరకు అడ్డుకునే ఫిల్టర్ మామూలుగా దాని లోపలే ఉంటుంది.

రేడియేషన్ లేదన్నది మాత్రం నిజం. అలాగని ప్రమాదమే లేదనడం తప్పు. ఇండోసయనైన్ గ్రీన్‌లో అయోడిన్ ఉంటుంది, కొందరికి తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఇంకా పొడవు తరంగాల కాంతిలో వెలిగే క్వాంటమ్ డాట్స్ అనే అతి చిన్న నలుసులు కొన్నింటిలో సీసం ఉంటుంది, దాన్ని ఒంట్లోకి ఎక్కించుకుంటామా?

పెద్దమ్మకి టార్చి మీద వేలు పెట్టించి చూపించాను. సోమవారం పొద్దున్నే స్కాన్‌కి బరంపురం వెళ్తున్నాం.