గేటు బయటి నుంచే బడి నాణ్యత తేల్చేయడం ఎలా

ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల మంచిదో కాదో చెప్పడానికి కావాల్సిన మొదటి అర్హత, ఆ బడి లోపలికి ఎప్పుడూ వెళ్లి ఉండకపోవడం. వెళితే అభిప్రాయం పాడైపోతుంది. టీచరు పాఠం చెబుతూ కనబడొచ్చు, పిల్లలు చదువుతూ వినబడొచ్చు, లేదా రెండూ జరగకపోవచ్చు. ఏది జరిగినా ఇన్నేళ్లు కష్టపడి పెంచుకున్న నమ్మకానికి దెబ్బే. అందుకే మా కాలనీలో ఈ విషయం మీద సాధికారంగా మాట్లాడేవాళ్లమందరం పక్క వీధిలోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో అడుగుపెట్టేది ఒక్క పోలింగ్ రోజునే. ఆ రోజు పిల్లలుండరు, పాఠాలుండవు, ఎక్కాల చార్టు పక్కన ఓటర్ల లిస్టు అంటించి ఉంటుంది. ఓటేసి, వేలి మీద సిరా చూసుకుంటూ బయటికొచ్చి, "ఏముందండీ ఈ బడిలో, ఒక్క పిల్లాడైనా కనబడ్డాడా?" అని తేల్చేస్తాం.

ఏటా ఎండాకాలం వచ్చేసరికి, పిల్లల్ని మొదటిసారి బడిలో వేయాల్సిన వాళ్లు ఎవర్ని అడగాలో తెలియక టెన్షన్ పడుతుంటారు కాబట్టి, ప్రజాహితం కోరి మా పద్ధతి ఇక్కడ రాసిపెడుతున్నాను.

నాణ్యత మొదట గోడలో ఉంటుంది. 2019 దాకా మా పని చాలా సులువుగా ఉండేది. ప్రహరీ లేదు, మరుగుదొడ్డికి తలుపు లేదు, తలుపున్న చోట నీళ్లు లేవు. "అలాంటి బడికి పిల్లల్ని ఎలా పంపిస్తామండీ" అంటే ఎదురు చెప్పే దిక్కు లేదు. ఆ ఏడాది నవంబరు 14న ఒంగోలులో మా ఆంధ్ర ప్రభుత్వం బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టి, మొదటి విడతలోనే 15 వేలకు పైగా బడులకు బెంచీలు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, నీళ్లొచ్చే మరుగుదొడ్లు, పైన రంగులు కూడా వేయడానికి దిగేసరికి మా శాస్త్రం ఒక్కసారిగా సంక్షోభంలో పడింది. కొన్నాళ్లు బొత్తిగా మాటలు దొరకలేదు. తర్వాత తేరుకుని, "రంగులేస్తే చదువొస్తుందా?" అన్నాం. రంగు లేనప్పుడు ఆ వంక చూపించి పిల్లల్ని పంపనిది కూడా మేమే, కానీ అప్పటి మాట అప్పటిది. తెలంగాణలో ఉన్న మా బంధువులకు ఇదే కష్టం 2022 మార్చిలో వచ్చింది. మన ఊరు-మన బడి అని 26,065 బడులను మూడు విడతల్లో బాగుచేస్తామన్నారు. అదృష్టవశాత్తూ పనులు చేసినవాళ్లు బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావడంతో, మావాళ్లకు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగిలింది.

గోడ తర్వాత టై. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2020 నుంచి విద్యాకానుక అని ప్రభుత్వ బడి పిల్లలకు మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, రెండు జతల సాక్సులు, బెల్టు, బ్యాగు, పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టారు. రోడ్డు మీద నడిచి వెళ్తుంటే ఎవరు కాన్వెంటు పిల్లాడో, ఎవరు ప్రభుత్వ బడి పిల్లాడో పోల్చుకోవడం కష్టమైపోయింది. సమాజంలో ఇంతటి గందరగోళం మంచిది కాదు. మేము ఆ కిట్టు జాబితా ఒకటికి రెండుసార్లు చదివి చూస్తే, అన్నీ ఉన్నాయి గానీ టై లేదు. దొరికిపోయారు! జూన్ ఎండలో, ముప్పైతొమ్మిది డిగ్రీల్లో, ఎలాస్టిక్ టై మెడకు తగిలించుకుని చెమటలు కక్కుతూ పసుపు బస్సు ఎక్కే ఆరేళ్ల పిల్లాణ్ణి చూస్తేనే తెలిసిపోతుంది, వాడికి చదువు ఎంత గట్టిగా పట్టిందో.

ఇక టీచర్లు. ప్రభుత్వ ప్రాథమిక బడిలో టీచరు (ఎస్జీటీ) కావాలంటే డీఎడ్ అనే టీచరు కోర్సు చదవాలి, టెట్ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత డీఎస్సీ అనే ఉద్యోగ పరీక్షలో నెగ్గుకురావాలి. ఆంధ్రలో 2025 మెగా డీఎస్సీలో అన్ని రకాల పోస్టులూ కలిపి 16,347 ఉంటే, మూడు లక్షల మందికి పైగా పోటీపడ్డారు. అంత వడపోతలో మిగిలినవాళ్లకు చదువు చెప్పడం రాదని మేము గేటు బయటి నుంచే కనిపెట్టాం. మా సందు చివర కాన్వెంటులో ఒక మేడం పనిచేసేది. జీతం ఎంతో చెబితే మీరు నమ్మరు, అదీ ఎండాకాలం రెండు నెలలూ ఉండదు. "ఆవిడ భలే స్ట్రిక్టండీ, ఆవిడ చేతిలో పడితే పిల్లాడు గాడిలో పడతాడు" అని కాలనీ మొత్తం చెప్పుకునేవాళ్లం. తర్వాత ఆవిడకి డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. అదే మనిషి, అదే గొంతు, అదే చేతిరాత. "ఇప్పుడు గవర్నమెంట్ టీచరు కదా, ఇంకేం చెబుతుంది" అనడం మొదలుపెట్టాం. ఒక్క పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం ఈ సూత్రం పనిచేయదు, అక్కడ గవర్నమెంట్ టీచరంటే వేరే లెక్క, దాని జోలికి వెళ్లకండి.

ఆ టీచర్ల పిల్లలు కూడా కాన్వెంటుకే వెళ్తారు కదా అని మీరు అడగొచ్చు. వెళ్తారు. ఈ ఒక్క విషయంలో వాళ్లూ మా సిద్ధాంతానికే కట్టుబడి ఉన్నందుకు వాళ్లంటే మాకు గౌరవం. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు, ప్రభుత్వ ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, జడ్జీలు అందరూ తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక బడులకే పంపేలా చూడమని ఉత్తరప్రదేశ్ చీఫ్ సెక్రటరీని ఆదేశించింది. గడువు ఆరు నెలలు. ఆ పిల్లలు ఇంకా దారిలోనే ఉన్నట్టున్నారు.

అన్నిటికంటే తిరుగులేని కొలమానం స్ట్రెంత్. పిల్లలు తక్కువగా ఉన్నారంటే బడి బాగోలేదని అర్థం. బాగోలేదు కాబట్టి మన పిల్లల్ని తీసేస్తాం. తీసేస్తే స్ట్రెంత్ ఇంకా పడిపోతుంది. పడిపోతే ఒక టీచర్ని వేరే బడికి సర్దుబాటు చేస్తారు. అప్పుడు వెళ్లి, "ఐదు తరగతులకి ఒక్క టీచరా? చదువు ఏం వస్తుందండీ?" అని నిలదీస్తాం. అరవై మంది లోపు ఉంటే ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది, కానీ చట్టం గేటు లోపలి విషయం కదా.

ఆ ఒక్క టీచరు పడే పాట్లు మాకు మా ఎదురింట్లో అద్దెకుండే టీచరమ్మ చెబితే తెలిశాయి (మేము వెళ్లి చూడలేదు, నియమం తప్పలేదు). ఆమె బడిలో ఒకటి, రెండు తరగతులు తూర్పు గోడ వైపు తిరిగి కూర్చుంటాయి, మూడు, నాలుగు, ఐదు పడమటి గోడ వైపు. చిన్నవాళ్లకి గుణింతం రాసుకోమని ఇచ్చి, ఐదో తరగతి వాళ్లకి భాగహారం మొదలుపెట్టి, తీరా శేషం దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగుతుంది. "మేడం, ఈ రోజు ఎంతమంది గుడ్డు తిన్నారో మీ బడిది ఎంట్రీ కాలేదు." సిగ్నల్ కోసం వరండా దాటి వేపచెట్టు కిందికి వెళ్లాలి. యాప్ తెరుచుకోవడానికి పట్టే టైములో తూర్పు గోడ వైపు ఒకడు పక్కవాడి పెన్సిల్ లాక్కుంటాడు, వాడు ఏడుస్తాడు, పడమటి గోడ వైపు భాగహారం సగంలో ఆగి ఉంటుంది. ఆమె తిరిగొచ్చేసరికి అన్నం గంట కొడతారు. శేషం రేపు.

ప్రభుత్వాన్ని ఈ విషయంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. లోపలికి వెళ్లకుండా బడిని అంచనా వేయడంలో మాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. 2022లో టీచరు ముఖాన్ని ఫోన్లో చూపించి హాజరు వేయించే పద్ధతి తెచ్చారు. మరుగుదొడ్లు కట్టాక, వాటి ఫోటోలు తీసి యాప్‌లో పెట్టే పనీ టీచర్ల మెడకే చుట్టారు. ముఖమూ మరుగుదొడ్డీ రెండూ ఒకే ఫోన్లోంచి అప్‌లోడ్ అయ్యేవి, పిల్లాడికి చదవడం వచ్చిందో లేదో మాత్రం ఏ ఫోటోలో పడదు. ప్రభుత్వం మారాక 2024లో ఆ మరుగుదొడ్డి ఫోటోల బాధ తప్పించారు, దానికి సంతోషమే. బోధనేతర పనులు జనగణన, ఎన్నికలు, విపత్తులకే పరిమితం చేయాలని చట్టంలో ఉంది. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం షాపులు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో కొందరు టీచర్లను షాపుల ముందు క్యూలు సర్దడానికి వేశారు. విపత్తే కదా, చట్టం దాటలేదు.

పేర్ల సంగతీ చెప్పాలి. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం వచ్చింది, విద్యాకానుక పోయి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర వచ్చింది, నాడు-నేడు పోయి మన బడి-మన భవిష్యత్తు వచ్చింది. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టిన సీతమ్మ గారి పేరు పెట్టడం బాగుంది, నాకు అభ్యంతరం లేదు. గుడ్డు మాత్రం అదే గుడ్డు. ఆ గుడ్డు మీద ఈకలు పీకే హక్కు మాది. "అక్కడికి వచ్చేది తిండి కోసమేనండీ, చదువు కోసం కాదు" అంటాం, మా పిల్లాడి డబ్బాలో పొద్దున వండిన నూడుల్స్ మధ్యాహ్నానికి ముద్దకట్టి ఉంటాయని తెలిసి కూడా.

మా నైపుణ్యానికి జరుగుతున్న అన్యాయం ఒకటుంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలట, అదీ ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు. 2024 డిసెంబరు 7న ఆంధ్ర అంతటా మెగా పేరెంట్స్ మీటింగ్ పెడితే దానికీ వాళ్లనే పిలిచారు. కూలికెళ్లే అమ్మలు సెలవు పెట్టుకుని వచ్చి హెచ్ఎం ఎదురుగా కుర్చీల్లో కూర్చుంటే, ఇరవై ఏళ్లుగా ఆ బడిని విమర్శిస్తున్న మాకు కనీసం ఒక టీ ఇచ్చినవాడు లేడు.

చివరగా ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. అసర్ అని ఒక సర్వే ఉంది, 2005 నుంచి చేస్తున్నారు. వాళ్లు గోడలూ టైలతో ఆగరు. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లాడి చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. లెక్కల్లో అప్పు తెచ్చుకుని చేసే తీసివేత, ఒక భాగహారం. అంతే, ఐదారు నిమిషాల పని. 2024లో దేశంలో గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదువుతూ ఆ రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 44.8 శాతం. ఇది మేము ఎప్పట్నుంచో చెబుతున్నదే అని ఎగిరి గంతేశాం. కింద ఇంకో లైనుంది. ప్రైవేటు బడుల్లోనూ మూడో వంతుకు పైగా పిల్లలు ఆ కథ చదవలేకపోయారు. ఆ లైను మేము చదవలేదు.

మొన్న ఆదివారం అసోసియేషన్ మీటింగులో, కాలనీకి కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన అచ్చం అలాంటి కాగితమే తెచ్చాడు. పనీపాటా లేక కాబోలు. మూడో తరగతి పిల్లలిద్దర్ని పిలిచాడు. ఒకడు మా సెక్రటరీ గారబ్బాయి, కాన్వెంటు, పైన ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం ట్యూషన్. రెండోది వాచ్‌మన్ కూతురు, పక్క వీధి బడి. 52లోంచి 17 తీసెయ్యమన్నాడు. ఇద్దరూ 45 అని రాశారు. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి ఒకటి తీస్తే నాలుగు, ఏ అంకె పెద్దదైతే దాంట్లోంచి చిన్నది తీసేశారు, పైదేదో కిందిదేదో చూడకుండా. "మావాడు కొత్తవాళ్ల ముందు టెన్షన్ పడతాడండీ" అన్నారు సెక్రటరీ గారు. పాప కాగితం చూసి, "చూశారా మరి, గవర్నమెంట్ బడి" అన్నారు. అదే 45.

కథ చదవమంటే అబ్బాయి రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. "వాడికి తెలుగు సెకండ్ లాంగ్వేజండీ" అన్నారు. సరే, ఇంగ్లీషు కాగితం ఇచ్చాడు పెద్దాయన. గడగడా చదివాడు. చదివినదాంట్లో ఏం జరిగిందో చెప్పు నాన్నా అంటే వాళ్లమ్మ వైపు చూశాడు. పాప తెలుగు కథ మీద వేలు పెట్టుకుని, ఒత్తు దగ్గరల్లా ఆగి, మళ్లీ పట్టుకుని, చివరిదాకా చదివింది. మేక పారిపోయిన చోట నవ్వింది కూడా. "వేలు పెట్టి చదువుతోంది చూడండి, ఫ్లూయెన్సీ లేదు" అన్నారు సెక్రటరీ గారు, మేమంతా తలలూపాం.

ఆ కాగితాన్ని కాలనీలో ఇకమీదట ఎవరూ ఏ పిల్లాడికీ ఇవ్వకూడదని అప్పటికప్పుడు తీర్మానం చేశాం. బడి నాణ్యత మెరుగుపరచడానికి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఒక వినతిపత్రం కూడా రాశాం, పిల్లలకి వెంటనే టైలు ఇప్పించమని. సంతకాలు బాగానే పడ్డాయి. పెద్దాయన్ని అడిగితే కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు.