మాస్టారి ప్రొజెక్టరూ, పదకొండు నట్లూ

సైన్సు ఎగ్జిబిషన్ కోసం ప్రొజెక్టరు తయారుచేసే మాస్టార్లు రెండు రకాలు. బొమ్మ తెరమీద పడితే చాలనుకునేవాళ్లు ఒక రకం. వాళ్ల ప్రొజెక్టరు సాయంత్రానికల్లా పనిచేస్తుంది, కాబట్టి వాళ్ల గురించి రాయడానికి ఏమీ ఉండదు. రెండో రకంవాళ్లు చెక్కముక్క కూడా కొనకముందే "అన్నీ అటూ ఇటూ జరగాలయ్యా" అంటారు.

విజయవాడ సత్యనారాయణపురంలో అలాంటి ఫిజిక్సు మాస్టారు ఒకరున్నారనుకోండి. లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. గుండె బొమ్మను హాలు చివరి వరసకి కూడా కనబడేట్టు వెయ్యాలని ఆయన సంకల్పం. బళ్లో కంపెనీ ప్రొజెక్టరు లేకపోలేదు. దాని రిమోటు హెడ్మాస్టరుగారి బీరువాలో ఉంది. బీరువా తాళం సంగతి వేరే వ్యాసం.

ముందు అద్దాలు. వన్‌టౌన్‌లో 100 మిల్లీమీటర్ల వెడల్పు భూతద్దాలు మూడు కొన్నారు. పెట్టెమీద ఎన్ని ఎక్స్‌లు వేసున్నా నమ్మకూడదు, నాభ్యంతరం మనమే కొలుచుకోవాలి. కిటికీకి ఎదురుగోడ మీద తెల్లకాగితం పెట్టి, అవతలి మేడమీది నీళ్లట్యాంకు బొమ్మ కాగితంమీద స్పష్టంగా పడేదాకా అద్దాన్ని జరిపితే, కాగితానికీ అద్దానికీ మధ్య దూరమే నాభ్యంతరం. ట్యాంకు పది మీటర్ల దూరంలోనే ఉన్నా, 20 సెంటీమీటర్ల నాభ్యంతరమున్న అద్దానికి వచ్చే తేడా 4 మిల్లీమీటర్లే. మాస్టారికి ట్యాంకు ఆనలేదు. సూర్యుణ్ణి వాడారు. చేతికి దొరికిన కాగితం టీచర్ల హాజరుపట్టీ కావడంతో, నాభ్యంతరం 20 సెంటీమీటర్లని తేలే లోపల ఆ నెల సి.ఎల్. గడిలో కందిగింజంత చిల్లు పడింది. ఎవరి సెలవు కాలిపోయిందో ఇప్పటికీ తేల్లేదు.

ఈ దశలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ముందుకొచ్చాడు. "ఇవన్నీ ఎందుకు సార్, ఫోను అట్టపెట్టెలో పెట్టి ముందు భూతద్దం పెడితే గోడమీద సినిమా పడుద్ది సార్, వీడియో చూశా." పడుతుంది. కాకపోతే లెక్క చూడాలి. ఫోను తెర వెలుగు 500 నిట్లనుకుందాం. 100 మిల్లీమీటర్ల అద్దం, 3 మీటర్ల దూరంలో గోడ. గోడమీద పడేది అర లక్స్ కూడా ఉండదు. నిండు వెన్నెల కన్నా కాస్త ఎక్కువ, అంతే. పగటిపూట కిటికీలున్న గదిలో రెండు మూడు వందల లక్స్ మామూలు కాబట్టి, ఆ వీడియో తీసినవాళ్లు ఏ అర్ధరాత్రో తీసుంటారు.

దాంట్లో ఇంకో చిక్కుంది. అద్దం బొమ్మను తలకిందులు చేస్తుందని అందరికీ తెలుసు, అందుకని ఫోనును తలకిందులుగా పెడతారు. బొమ్మ నిటారుగా నిలబడుతుంది గానీ అక్షరాలు ఎడమకీ కుడికీ తారుమారవుతాయి. వెలుగు దూరే షీటుమీద బొమ్మ వేసిన స్లైడు అయితే మొహం తిప్పి పెట్టుకోవచ్చు, ఫోనుకి వీపు మీద బొమ్మ ఉండదుగా. ముందు 45 డిగ్రీల వాలులో దర్పణం పెట్టి సరిచెయ్యవచ్చు. ఇంట్లో మొహం చూసుకునే అద్దమైతే గాజు ముందువైపు నుంచీ వెనకున్న పూత నుంచీ వేరువేరుగా వెలుగు తిరిగొచ్చి ప్రతి అక్షరానికీ ఒక నీడక్షరం పుడుతుంది. ముందువైపే పూత ఉన్న అద్దం కావాలి, దాన్ని వేలితో తుడవకూడదు. కుర్రాడు ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కాబట్టి స్లైడే. ఓహెచ్‌పీ షీటుమీద 6 సెంటీమీటర్ల చదరంలో గుండె బొమ్మ ప్రింటు. 20 సెంటీమీటర్ల నాభ్యంతరమున్న అద్దం, 3 మీటర్ల దూరంలో తెర. అప్పుడు స్లైడుకీ అద్దానికీ మధ్య 21.4 సెంటీమీటర్లుండాలి. బొమ్మ 14 రెట్లు పెరిగి 84 సెంటీమీటర్ల చదరం అవుతుంది. తెర 2 మీటర్లకే వస్తే ఆ దూరం 22.2, పెరుగుదల 9 రెట్లు. అంటే గది ఎంత మారినా అద్దం ముందుకీ వెనక్కీ జరగాల్సింది 8 మిల్లీమీటర్లు.

ఈ 8 మిల్లీమీటర్లకి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, దానిమీద ఒక కప్లింగు చాలు. కప్లింగు లోపల నడుమన ఉండే గట్టును ఆకురాయితో అరగదీస్తే పైపుమీద అటూ ఇటూ జారుతుంది. వదులైతే లోపల వెల్వెట్ రిబ్బను అంటించాలి. పైపుమీద 2 మీటర్లకో గీత, 3 మీటర్లకో గీత. నూట యాభై రూపాయల లోపు వ్యవహారం. మాస్టారు దాన్ని చూసి "ఇది డ్రైనేజీ పైపులా ఉంది" అన్నారు. అది డ్రైనేజీ పైపే. ఆయన ఆటోనగర్ బయల్దేరారు.

లేతు దగ్గర మేస్త్రీ డ్రాయింగును నాలుగువైపులా తిప్పి చూశాడు.

"ఏ బండిదండీ ఇది?"

"బండిది కాదు మేస్త్రీ, భూతద్దానిది."

"అద్దానికి బుష్ ఏందండీ?"

"బుష్ కాదయ్యా, లెన్సు హోల్డరు. స్క్రూ తిప్పితే జరగాల."

"సర్లెండి, లారీ బుష్ లెక్కన చేసిస్తా. గ్రీజు నిపిలు పెట్టమంటారా?"

ఎనిమిది మిల్లీమీటర్ల మర రాడ్డు వేశాడు. మామూలు మర అయితే ఒక చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు నడుస్తుంది, అంటే 2 మీటర్ల తెర నుంచి 3 మీటర్ల తెరకి మారడానికి ఆరుంపావు చుట్లు పైచిలుకు. లెక్క బాగానే ఉంది. అయితే కొత్త నట్టులో కొంచెం వదులుంటుంది. ముందుకి తిప్పి, ఎక్కువైందని వెనక్కి తిప్పితే మొదటి పావుచుట్టు ఊరికే పోతుంది. బొమ్మ కదలదు. ఇంకాస్త తిప్పుతారు, ఒక్కసారిగా కదిలి దాటిపోతుంది. అద్దం హోల్డరుకి ఒకవైపు స్ప్రింగు కట్టి ఎప్పుడూ ఒకే దిక్కుకి లాగి ఉంచితే ఈ పీడ పోతుంది. మాస్టారు స్ప్రింగు పెట్టలేదు. ఇంకా పది నట్లు పెట్టించారు.

లెన్సు ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ, పక్కకీ. స్లైడు పైకీ కిందకీ, పక్కకీ, వాలుగా. దీపం వెలుగును కూడగట్టి స్లైడుగుండా లెన్సులోకి పంపే అద్దాల జత, కండెన్సరు, దానికొకటి. దీపం ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ. స్టాండు ఎత్తు, స్టాండు మెడ. మొత్తం పదకొండు బటర్‌ఫ్లై నట్లు. బటర్‌ఫ్లై నట్టుకో స్వభావం ఉంది. సరిగ్గా కుదిరాక బిగిస్తే, బిగించేటప్పుడు కింది ముక్కను తనతోపాటు కాస్త తిప్పేస్తుంది. నట్టుకీ చెక్కకీ మధ్య సన్నటి రేకుముక్క పెట్టి, ఆ రేకు తిరక్కుండా ఒక మేకు కొడితే ఆగుతుంది. లేకపోతే ఒకటి బిగించగానే పక్కది తప్పుతుంది, పక్కది సరిచేస్తే మొదటిది తప్పుతుంది. పదకొండూ అయ్యేసరికి స్కూలు అటెండరు గేటు వేసుకుని వెళ్లిపోతాడు.

డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో మాయాలాంతరు, అంటే దీపంతో నడిచే తొలినాటి స్లైడు ప్రొజెక్టరు, చేశాడు. 1662లో వాళ్ల నాన్న దాన్ని ఫ్రాన్సు రాజు కొలువులో చూపిస్తానంటే, ఇలాంటి ఆటబొమ్మతో ఇంటిపరువు పోతుందని భయపడి, అది పనిచెయ్యకుండా ఉండేట్టు అద్దం తీసెయ్యమని తమ్ముడికి ఉత్తరం రాశాడు. అంత పెద్ద శాస్త్రవేత్తకి ఒక్క అద్దం తీయించే అవసరం వచ్చింది. మన మాస్టారికి ఆ అవసరం రాదు, పదకొండింట్లో ఏ నట్టును ముట్టుకున్నా చాలు. అసలు జరుపుళ్ల మాటకొస్తే మన తోలుబొమ్మలాటవాళ్లను చూడాలి. బొమ్మను తెరకి ఆనిస్తే అంచు స్పష్టం, దీపంవైపు లాగితే పెద్దదై అలుక్కుపోతుంది. ఒక్క నట్టు లేదు. 1921లోనే మారుతి సినిమా హాలు వెలసిన ఊళ్లో ఉండి కూడా ఈ సంగతి మాస్టారి చెవికెక్కలేదు.

దీపం దగ్గర మాత్రం ఆయన మంచి పనే చేశారు. 20 వాట్ల సీఓబీ ఎల్ఈడీ (చిన్న ఎల్ఈడీలన్నీ ఒకే బిళ్లమీద గుచ్చింది), వెనక అల్యూమినియం హీట్‌సింకు, మధ్యన వేడిని దాటించే పేస్టు పలచగా, దాన్ని చల్లబరచడానికి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను. మిగిలిన రెండు భూతద్దాలూ ఒకదాని వెనక ఒకటి చేర్చి కండెన్సరు చేశారు. చాలామంది కండెన్సరు దగ్గరే తప్పుతారు, స్లైడుమీద వెలుగు బాగా పడితే చాలనుకుంటారు. చాలదు. స్లైడు దాటిన వెలుగంతా ముందున్న లెన్సులోకి దూరాలి. స్లైడు తీసేసి లెన్సుమీద తెల్లకాగితం పెట్టి చూస్తే, ఎల్ఈడీలోని పసుప్పచ్చ బిళ్ల బొమ్మ ఆ కాగితం నడుమన చిన్నగా, స్పష్టంగా పడాలి. ఈ అద్దాలతో దీపాన్ని కండెన్సరుకి 17 సెంటీమీటర్ల వెనక పెడితే సరిపోతుంది. బిళ్ల 20 మిల్లీమీటర్లదైతే లెన్సుమీద దాని బొమ్మ 29 మిల్లీమీటర్లొస్తుంది. అలా కుదిరితే లెన్సుకి 50 మిల్లీమీటర్ల రంధ్రమున్న నల్లట్ట తొడగొచ్చు. అంచుల్లో వచ్చే రంగుల జాలరు తగ్గుతుంది, వెలుగు మాత్రం తగ్గదు. కండెన్సరు లేకుండా అదే అట్ట పెడితే గుండెకి నడుమ ఒక్క కవాటం తప్ప ఏమీ కనబడదు.

ఇంతా చేసి ఆ 2000 ల్యూమెన్లలో తెరకి చేరేది యాభై, అరవై. తెరమీద 80 లక్స్ దాకా వస్తుంది. కిటికీలు మూయాల్సిందే.

తెరగా ఫ్లెక్సీ కట్టారు. విజయవాడలో ఫ్లెక్సీకి కొరతేమిటి, ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజు నిన్ననే అయిపోయి ఉంటుంది. తిరగేసి కడితే తెల్లగా, నున్నగా ఉంటుంది. ముందునుంచి వెలుగు పడినంతసేపూ ఇబ్బంది లేదు. మామూలు ఫ్లెక్సీ వెలుగును లోపలినుంచి రానిస్తుంది, వెనక నల్లగుడ్డ వెయ్యాలి. వెయ్యలేదు. ఎగ్జిబిషన్ రోజు పదకొండింటికి వెనక కిటికీ రెక్క గాలికి తెరుచుకుని, గుండె బొమ్మలోని ఎడమ కర్ణికలోంచి ఒక నమస్కారం, దాని పైన ఒక మీసం, "జన్మదిన శుభాకాంక్షలు" తిరగబడిన అక్షరాల్లో ప్రత్యక్షమయ్యాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పటికే ఒక గొడవ నడుస్తోంది. చదరపు స్లైడును ప్రొజెక్టర్లో పెట్టడానికి ఎనిమిది మార్గాలుంటాయి, వాటిలో సరైంది ఒక్కటే. స్లైడు మనం చదివేట్టు పట్టుకుని ఎడమవైపు కిందిమూల బొట్టు పెట్టాలి. దీపం వెనక నిలబడి, చదవగలిగే వైపు మనవైపే ఉంచి తలకిందులు చేస్తే ఆ బొట్టు కుడివైపు పైమూలకొస్తుంది. అంతే, ఇక చూసుకోనక్కర్లేదు. కుంకుమ పెట్టినా నెయిల్ పాలిష్ పెట్టినా ఒకటే. పాత స్లైడులవాళ్లంతా అలాగే చేసేవారు. ఈ స్లైడుమీద బొట్టూ లేదు, పేర్లూ లేవు.

"గుండె ఎడమవైపు ఎడమనే ఉంది, సరిగ్గానే పడింది" అన్నారు మాస్టారు.

"అదే తప్పండీ మాస్టారూ. ఎదుటి మనిషి గుండె మనం చూస్తున్నట్టు గీస్తారు బొమ్మ. ఎడమ జఠరిక మన కుడిచేతివైపుండాలి" అన్నారు బయాలజీ మేడమ్.

"ఇప్పుడు కుడివైపే ఉంచాగా?"

"ఇప్పుడు తలకిందులుంచారు."

బొమ్మ కాస్త కిందకి పడిందని మాస్టారు స్టాండు మెడ ఎత్తారు. మెడ ఎత్తితే పైవెడల్పు పెరిగి చదరం కాస్తా చేటలా అవుతుంది, పైనా కిందా ఒకేసారి ఫోకస్ కుదరదు. మెడ ఎత్తే బదులు స్లైడును ఒక సెంటీమీటరు కిందకి దించితే బొమ్మ 14 సెంటీమీటర్లు పైకెళ్తుంది, చదరం చదరంగానే ఉంటుంది. దానికోసమే ఉన్న నట్టు మాస్టారి చేతికి అందనివైపు పడింది. అందిన నట్టు ఆయన తిప్పారు. అది స్లైడు క్లిప్పుది.

ఇప్పుడు స్లైడును పట్టుకున్నవి పైన రెండు క్లిప్పులే. హీట్‌సింకు ఫ్యాను గాలి నేరుగా దానిమీదకొస్తోంది. షీటు ముందుకీ వెనక్కీ ఒక మిల్లీమీటరు కదలడం మొదలైంది. తెర దగ్గర ఫోకసు కదిలేది మిల్లీమీటరు కాదు. పెరుగుదల 14 అయితే 14 పధ్నాలుగులు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు ముందుకో వెనక్కో పోతుంది. అంచు అలుక్కుని ఉబ్బుతుంది, మళ్లీ తేలి ముడుచుకుంటుంది. ఉబ్బడం, ముడుచుకోవడం. ఉబ్బడం, ముడుచుకోవడం.

హాల్లో నిశ్శబ్దం. జిల్లా నుంచి వచ్చిన జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తారు. అప్పటిదాకా "స్టిల్ మోడల్" అని రాసుకున్నారాయన. కొట్టేసి "వర్కింగ్ మోడల్" అని రాశారు.

"కొట్టుకోవడం చాలా సహజంగా ఉందండీ. మోటారా?"

"ఎయిర్ సిస్టమండీ" అన్నారు మాస్టారు. అది అబద్ధం కాదు.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది అగ్నిపర్వతానికి, అది ఎప్పుడూ అంతే.

ఆ రాత్రి మాస్టారికి మనసొప్పలేదు. పొరపాటును పొరపాటుగానే సరిచెయ్యాలని, స్లైడును రెండు పలచటి గాజుపలకల మధ్య పెట్టి నాలుగంచులా టేపు వేశారు. వేడికీ గాలికీ ఫిల్ము కదలకుండా ఉండటానికి అదే సరైన పద్ధతి. పలకలు తడిలేకుండా తుడవాలి, నున్నటి షీటు గాజుకి అతుక్కున్నచోట రంగుల వలయాలొస్తే మధ్యన సన్నటి కాగితపు చట్రం పెట్టి ఎడం చెయ్యాలి. ఫ్యానును స్పాంజి ముక్కలమీద కూర్చోబెట్టారు. దీపం, కండెన్సరు నట్లు తీసేసి లాక్ నట్లు వేశారు. ఫోకస్ రాడ్డూ, స్లైడు ఎత్తూ మాత్రం వదిలేశారు. తెర వెనక నల్లగుడ్డ, స్లైడుమీద బొట్టు. బొమ్మ అచ్చుగుద్దినట్టు పడింది.

మర్నాడు హెడ్మాస్టరుగారు అధికారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇద్దరూ కాసేపు తెరవంక చూశారు.

"ఏవండీ మాస్టారూ, నిన్న కొట్టుకుందన్నారు?"

మాస్టారు గాజుపలకల గురించి, ఫిల్ము గురించి చెప్పబోయారు. వెనకనుంచి అటెండరు వంగి, చెవిలో అన్నాడు.

"ఆ అద్దాలు ఊడదీసి ఫ్యాను ఇటు తిప్పమంటారా మాస్టారూ?"