పాత మాటలకు పీరియడ్ ఏదీ?

పరాయి భాష తరగతిలో ఇప్పటికీ ఎక్కువగా ఇచ్చే హోంవర్క్: ఇరవై కొత్త మాటలు, ఒక్కోటి పదిసార్లు రాసుకురావాలి. ఆ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. మూడో వరుసలో ఒక అక్షరం తప్పు పడితే పదో వరుస దాకా అదే తప్పు దిగుతుంది. అక్కడ మాటను గుర్తు తెచ్చుకోవడం జరగడం లేదు, పై వరుస చూసి దించడమే జరుగుతోంది. వారాంతపు టెస్టులో ఇరవైకి ఇరవై తెచ్చుకున్న పిల్లలే నెల తిరిగేసరికి చాలా మాటలు మరిచిపోతారు. తప్పు వాళ్లది కాదు.

చదివి వదిలేస్తే మరుపు ఎంత వేగంగా వస్తుందో, విడతలుగా చదివితే ఎంత మేలో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. 2008లో కార్పికే, రోడిగర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు స్వాహిలీ అనే ఆఫ్రికా భాషలోని 40 మాటలు నేర్పారు. ఒకసారి వచ్చేసిన మాటనైనా చూడకుండా మళ్లీ మళ్లీ గుర్తు తెచ్చుకుని చెప్పినవాళ్లకు వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నాయి. వచ్చేసిందని టెస్టు ఆపేసినవాళ్లకు, ఆ మాటను ఎన్నిసార్లు చదివినా, మూడో వంతే మిగిలింది. బడి పిల్లలకు ఈ పద్ధతి మరింత అవసరమని మా అభిప్రాయం. ఇంట్లో, ఆటల్లో ఆ భాష వినపడని పిల్లలకు మాట మళ్లీ ఎదురయ్యే చోటు తరగతి గది ఒక్కటే.

అందుకే ప్రతి పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు పాత మాటలకే ఇవ్వాలి. టీచర్ బొమ్మ చూపిస్తే పిల్లలు మాట చెప్పాలి, దానితో సొంతంగా ఒక వాక్యం అనాలి. మార్కులు వద్దు. మార్కులుంటే టెన్షన్, టెన్షన్ ఉంటే నోరు పెగలదు.

పాఠ్యపుస్తకాల్లో ఇంకో చిక్కుంది. రంగులన్నీ ఒకే పాఠంలో, పళ్లన్నీ మరో పాఠంలో కుప్పపోస్తారు. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ ఒకే కోవకు చెందిన కొత్త మాటలు ఒకేసారి నేర్చుకుంటే ఒకదానికి బదులు ఇంకోటి నోటికొస్తుందని 1990లలోనే పరిశోధనలు తేల్చాయి. ఎరుపును ఒక కథలో, పచ్చను రెండు వారాల తర్వాత ఇంకో కథలో పరిచయం చేయడానికి అడ్డేమిటి?

పాఠం మారగానే పాత మాటలను వదిలేసే అలవాటు పుస్తకం రాసే దశలోనే పోవాలి. ప్రతి అభ్యాసంలో గత పాఠాల మాటలు తిరిగి రావాలి. టెస్టు పేపర్‌లో రెండు నెలల కిందటి మాటలకూ చోటుండాలి. తల్లిదండ్రులు కూడా ఈ రోజు ఎన్ని కొత్త మాటలు నేర్పారని కాకుండా, పోయిన నెలవి ఎన్ని గుర్తున్నాయని పిల్లలను, టీచర్లను అడగాలి.